పొరక పట్టిన చెయ్యి ఎవరిది

మా గైడు చాలా మంచి మనిషని కాలేజీలో అందరూ అంటారు. నేను అనను. ఆయన పేరు ఎవరైనా ఎత్తితే ఇప్పటికీ నా చెవులు వేడెక్కుతాయి. కొన్నేళ్ళు పోతే కోపం అదే చల్లారుతుందని పెద్దవాళ్ళు చెబుతారు. నాది చల్లారలేదు. చల్లార్చుకోవాలని నేనూ పెద్దగా ప్రయత్నించలేదు.

కోయంబత్తూరులో నేను చదివిన కాలేజీలో డిగ్రీ చివరి ఏడు పిల్లలకు ఒక పరిశోధన పథకం ఉండేది. ప్రతి ప్రాజెక్టుకూ రెండు వేర్వేరు శాఖల నుంచి ఇద్దరు గైడ్లు ఉండి తీరాలి. ఫిజిక్సు సారూ సంగీతం మేడమూ కలిసి, ఉరుమి వాయిద్యానికి చర్మం ఎంత బిగిస్తే ఎంత మోగుతుందో పిల్లల చేత కొలిపించారు. బాటనీ వాళ్ళూ కామర్సు వాళ్ళూ కలిసి, ఒట్టన్‌చత్రం మార్కెట్లో మునగకాయ ఎంత వాడిపోతే ధర ఎంత పడిపోతుందో చూశారు. వాటి మీద నాకేం పగ లేదు. మునగకాయకు ఇల్లూ వాకిలీ ఉండవు, పోగొట్టుకోవడానికి ఉద్యోగమూ ఉండదు. మాది కంప్యూటర్ సైన్సూ సోషల్ వర్కూ కలిసి చేసిన ప్రాజెక్టు. మేము కొలిచింది మనుషుల్ని.

నిజానికి నేను అడిగింది ఆ ప్రాజెక్టు కాదు. గాంధీపురం బస్టాండులో ఏ బస్సు ఎక్కడ నిలబడుతుందో ఎవరికీ తెలియదు కదా, దానికి ఒక యాప్ చేస్తానని దరఖాస్తు పెట్టుకున్నాను. ఇంటర్వ్యూ రోజు మా గైడు ఆ కాగితం మీద నేను రాసిన ప్లాను చదవలేదు. పైన రాసిన అడ్రసు, వీధులు ఊడ్చేవాళ్ళు ఉండే మా కాలనీది, చదివాడు. చదివి, పక్కన ఉన్న రెండో గైడు మేడం బయటికి వెళ్ళేదాకా ఆగి, అప్పటిదాకా మాట్లాడిన ఇంగ్లీషు వదిలేసి తెలుగులోకి దిగాడు.

"నువ్వా కాలనీ పిల్లవా కణ్ణు? మీ ఇంట్లోనూ తెలుగేనా? అట్లయితే మనోళ్ళే!"

నేను నవ్వాను. ఆ వయసులో ఒక ప్రొఫెసరు కన్నా అన్నట్టు 'కణ్ణు' అని పిలిచి 'మనోళ్ళు' అంటే ఎవరైనా నవ్వుతారు. ఆయన ఇంట్లోదీ తెలుగే, మా ఇంట్లోదీ తెలుగే, అది నిజం. ఆయన వాళ్ళు నల్లరేగడి భూములూ మిల్లులో వాటాలూ ఉన్న తెలుగువాళ్ళు. మేము ఆ మిల్లు ముందు రోడ్డు ఊడ్చే తెలుగువాళ్ళం. ఎన్ని తరాల కిందట వచ్చామో వాళ్ళకూ తెలియదు, మాకూ తెలియదు. వాళ్ళ పెళ్ళిళ్ళకు మమ్మల్ని పిలవరు. పెళ్ళయిన మర్నాడు పందిరి కింద ఆకులు ఎత్తడానికి పిలుస్తారు. ఈ తెలుగు అక్షరాలు కూడా నాకు బడిలో ఎవరూ నేర్పలేదు. మాకు బడి తమిళం, కాలేజీ ఇంగ్లీషు. డిగ్రీ అయ్యాక పంతం పట్టి నేనే నేర్చుకున్నాను.

"బస్సు యాపు ఎవురైనా చేస్తారమ్మా," అన్నాడాయన. "నీకు ఉండేది ఇంకెవురికీ లేదు. ఆ కాలనీలో నీకు ప్రతి వాకిలీ తెలుసు. మావంటోళ్ళు వస్తే వాళ్ళు నోరు విప్పుతారా?"

ఆయన ప్లాను ఇది. వీధులు ఊడ్చే ఆడవాళ్ళ చేతికి గడియారం లాంటి ఒక బ్యాండు కట్టాలి. చెయ్యి ఎన్నిసార్లు ఊగింది, ఎంత జోరుగా ఊగింది, మనిషి ఏ వీధిలో ఎంతసేపు ఉంది, అంతా అందులో రికార్డవుతుంది. రోజు గడిచేకొద్దీ చెయ్యి ఎలా అలిసిపోతుందో నేను రాసే ప్రోగ్రాము చెబుతుంది. ఆ అంకెలు తీసుకుపోయి పెద్దల ముందు పెడితే, వాళ్ళకు తోపుడు బండ్ల బదులు బ్యాటరీ బండ్లు వస్తాయి, పని గంటలు తగ్గుతాయి. "అంతా మీ వాళ్ళ కోసమే కదా," అన్నాడు. నిమిషం ముందు మనవాళ్ళు అన్నవాడు అప్పుడే మీవాళ్ళు అన్నాడు. నాకు ఆ రోజు అది తట్టలేదు.

నమ్మాను. నమ్మి, ఆదివారం చర్చి అయ్యాక మెట్ల మీద ఆడవాళ్ళను కూర్చోబెట్టి చెప్పాను. గుడికి పోయేవాళ్ళ ఇళ్ళకు విడిగా తిరిగి చెప్పాను. మా పెద్దత్త ఒకామె బ్యాండు అటూ ఇటూ తిప్పి చూసి, "కరెంటు గిరెంటు కొడ్తాదా ఏమి?" అంది. కొట్టదన్నాను. "సరి, మన పాప చదివే చదువుకు ఆయె కదా, కట్టు," అని చెయ్యి చాపింది. ఆమె చూసి మిగతావాళ్ళూ చాపారు. మా వదినా చాపింది.

వదిన మా అన్న భార్య. ఆమెది బోడినాయకనూరు. ఏలకులు ఏరే ఇంట్లో పుట్టి, మా ఇంటికి వచ్చాక వీధి పని అందుకుంది. గాంధీపురంలో బట్టల షోరూముల వెనక సందు ఆమె వంతు. తెల్లారేసరికి ఆ సందు నిండా అట్టపెట్టెలూ ప్లాస్టిక్ సంచులూ ఉంటాయి. అమ్మ ఇదే పనిలో పర్మనెంటుగా ఉండి రిటైరయింది. వదినది మాత్రం ఒక కంపెనీ కింద కాంట్రాక్టు. వరసగా కొన్నాళ్ళు రాకపోతే పేరు తీసేస్తారు, బయట ఇంకొకరు ఎదురుచూస్తూ ఉంటారు. కాన్పుకైనా సరే, కాలు విరిగినా సరే అంతే.

అందుకే మా కాలనీలో ఒక పద్ధతి ఉంది. పని ఇంటిది, మనిషిది కాదు. ఒకామెకు జ్వరం వస్తే ఆమె తోటికోడలు ఆ కోటు తొడుక్కుని, టోపీ పెట్టుకుని, ఆమె వీధికి పోతుంది. పురుడొస్తే అత్త పోతుంది. అత్త లేకపోతే పక్కింటామె తన వీధి తొందరగా ముగించుకుని ఈ వీధీ చూస్తుంది. దీన్ని ఇంట్లో 'మాత్తు పోవడం' అంటాం. మా అవ్వ కాలం నుంచీ ఇలాగే నడుస్తోంది. పని చూసే మేస్త్రికి తెలుసు. వీధి శుభ్రంగా ఉంటే చాలు, కోటు లోపల ఎవరున్నా ఆయనకు ఒకటే. ఆయన భార్యకూ ఒకప్పుడు ఎవరో మాత్తు పోయినవాళ్ళే.

బ్యాండ్లు కట్టిన కొన్ని వారాలకు వదినకు తొమ్మిదో నెల వచ్చింది. మొదటి కాన్పు పుట్టింట్లోనే జరగాలి, అది ఎవరూ కాదనలేరు. అన్న ఆమెను బోడికి తీసుకుపోయి దిగబెట్టి వచ్చాడు. మర్నాడు తెల్లవారుజామున అమ్మ వదిన కోటు తొడుక్కుంది, వదిన టోపీ పెట్టుకుంది, వదిన పొరక తీసుకుంది, వదిన బ్యాండు కట్టుకుంది. కోటుతో పాటు పొరక వస్తుంది, పొరకతో పాటు బండి వస్తుంది, ఇప్పుడు బండితో పాటు బ్యాండు వచ్చింది. అది వదిన చేతికని కాదు, ఆ సందుకని ఇచ్చినదే అనుకుంది అమ్మ. నేను పక్కనే కూర్చుని కాఫీ తాగుతూ, ఆ బకిలు సరిగా పడకపోతే నేనే పెట్టాను. నాకూ వింతగా అనిపించలేదు. మా ఇళ్ళలో పుట్టిన ఎవరికీ అనిపించదు. అదే నెలలో ఇంకా కొన్ని ఇళ్ళలోనూ మాత్తు పోయారు, అన్ని ఇళ్ళలోనూ బ్యాండు కోటుతో పాటే చేతులు మారింది.

ప్రోగ్రాముకు మాత్రం అది వింతగా అనిపించింది. ఒక రోజు ల్యాబులో గ్రాఫులు గీస్తుంటే కొన్ని బ్యాండ్లలో గీత హఠాత్తుగా మారిపోయింది. చెయ్యి అలిసిపోతే ఊపు మెల్లగా తగ్గుతుంది. ఇది మెల్లగా తగ్గడం కాదు. ఒక తెల్లవారుజాము నుంచి ఊపే వేరు. నేను వెంటనే అర్థం చేసుకుని స్క్రీను మీద ఆ విండో మూసేశాను గానీ, గైడు నా వెనకే నిలబడి ఉన్నాడు.

"అది తెరువు," అన్నాడు. తెరిచాను. చూశాడు, కుర్చీ లాక్కుని కూర్చుని మళ్ళీ చూశాడు. ఆయన మొహం వెలిగిపోయింది. అంత సంతోషం ఆయన మొహంలో నేను అంతకు ముందు చూడలేదు.

"ఇది అలుపు కాదమ్మా, వేరే మనిషి! ఒకరి పేరు మీద ఇంకొకరు పని చేస్తా ఉండారు. కంపెనీవాళ్ళు దీనికోసమే తల కొట్టుకుంటా ఉండారు, వాళ్ళకు దొరకలేదు. నీ ప్రోగ్రాముకు దొరికె!"

"సార్, మనం చూడాల్సింది అలుపు కదా. బ్యాటరీ బండ్లు..."

"బండ్లు అట్లుండనీ. పరిశోధన అంటే ఏమి? వెతికేది ఒకటి, దొరికేది ఇంకొకటి. దొరికినదాన్ని వదిలిపెట్టకూడదు."

ఆ చెయ్యి మా అమ్మదని నేను ఆయనకు చెప్పలేదు. ఇంటి గుట్టు లంకకు చేటు. ఇది బయటపడితే ఆ ఆడవాళ్ళ ఉద్యోగాలు పోతాయి సార్ అని మాత్రం చెప్పాను. ఆయన నన్ను చాలా ప్రేమగా చూశాడు. పేర్లు ఎక్కడా ఉండవన్నాడు. ప్రతి కార్మికురాలికీ ఒక నంబరే ఉంటుందన్నాడు. నేను మ్యాపు చూపించాను. నంబరు పక్కనే వీధి ఉంది. ఆ వీధి ఎవరిదో కంపెనీ ఆఫీసులో కాఫీ తెచ్చేవాడికి కూడా తెలుసు.

"అది వాళ్ళ సమస్య," అన్నాడు.

రెండో గైడు దగ్గరికి పోయాను. సోషల్ వర్కు మేడం. బడుగు జనం గురించి క్లాసులో చెబుతూ కళ్ళు తడి చేసుకునే మనిషి. ఆమె నన్ను కూర్చోబెట్టి, టీ తెప్పించి, నా చెయ్యి పట్టుకుని, ఇలా సొంతవాళ్ళ మీద పరిశోధన చేసేటప్పుడు మనసు కలత పడటం సహజమేనని తమిళంలో చాలాసేపు చెప్పింది. ఆ కలత గురించి రిపోర్టు చివర ఒక పేజీ రాయమంది. మార్కులు కూడా వస్తాయంది. గైడుది నేరుగా వచ్చిన దెబ్బ, ఈమెది తడిగుడ్డతో గొంతు కోయడం. ఇద్దరిలో ఈమె మీదే నాకు కోపం కాస్త ఎక్కువ.

ఏడాది చివర జరిగే పరిశోధన ప్రదర్శనకు మా ప్రాజెక్టును మొదటిదిగా పెట్టారు. ఊళ్ళో చెత్త ఎత్తే కాంట్రాక్టు తీసుకున్న కంపెనీ మేనేజరు ముఖ్య అతిథి. ఆయనకు నచ్చితే ఊరంతా ఈ బ్యాండ్లే కడతారని గైడు ల్యాబులో అందరికీ చెప్పుకుని మురిసిపోయాడు. ఆ వారమే వదినకు ఆడపిల్ల పుట్టింది. ఫోను చేస్తే వెనక బిడ్డ ఏడుపు వినిపిస్తోంది.

"పాప బాగుండాది. నాకే ఇంకా కుట్లు ఆరలే," అంది వదిన. "అత్తను ఇంకా కొన్నాళ్ళు పోనీ చెప్పుమ్మా. పేరు తీసేస్తే మళ్ళా ఎవురిస్తారు నాకు పని? నీ అన్న ఆటో బాడుగతో ఈ బిడ్డకు పాలు కూడా రావు. పనికి ఏమీ కాదు కదా?"

"ఏమీ కాదు వదినా," అన్నాను.

పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అని ఊరికే అనలేదు. వాళ్ళకది ఒక స్లైడు.

ఆ ఉదయం హాలు నిండా జనం. ముందు వరసలో మేనేజరు, ఆయన పక్కన మా గైడు, ఆ పక్కన మేడం. మాట్లాడాల్సింది నేనే. ఈ పథకంలో అదొక గొప్ప. గైడ్లు కింద కూర్చుంటారు, పిల్లలే వేదిక మీద మాట్లాడతారు. ఆ స్లైడు తీసేయలేను, గైడు లాప్‌టాపే అక్కడ పెట్టింది. మాట్లాడనని చెప్తే ఆయనే ఎక్కి మాట్లాడతాడు. రాత్రంతా ఆలోచించినా నాకు దొరికిన దారి ఒక్కటే. అదేమంత మంచి దారి కాదు.

స్లైడు వచ్చింది. గీత మారిన చోటల్లా గైడు ఎర్రటి సున్నాలు చుట్టించాడు. కింద వీధుల మ్యాపు. మేనేజరు ముందుకు వంగాడు.

"ఈ ఎర్ర సున్నాల్లో ఉన్న చెయ్యి నాది," అన్నాను.

గడగడా చెప్పేశాను. బ్యాండు ఎలా పనిచేస్తుందో తెలుసుకోవాలని తెల్లవారుజామున ఆ ఆడవాళ్ళతో పాటు నేనూ పోయేదాన్ని. వాళ్ళ చేతి నుంచి బ్యాండు విప్పి నేను కట్టుకుని, వాళ్ళ పొరక తీసుకుని, వాళ్ళ వీధి నేను ఊడ్చేదాన్ని. వాళ్ళు పక్కనే ఉండి చెత్త ఎత్తేవాళ్ళు. గైడుకు చెప్పలేదు, సిగ్గేసింది. కాబట్టి రెండో మనిషి ఎవరూ లేరు. ఉన్నది నేనే. డేటా పాడుచేసింది నేనే.

నా జన్మలో నేను వీధి పొరక పట్టలేదు. దాన్ని ఏ చేత్తో పైన పట్టాలో, ఏ చేత్తో కింద పట్టాలో కూడా నాకు తెలియదు. నా వెనక మూరెడు అక్షరాలతో మ్యాపు వెలుగుతోంది. అందులో ఒకే ఉదయం, ఒకే గంటలో, ఊరికి ఆ చివరా ఈ చివరా ఉన్న వీధుల్లో ఎర్ర సున్నాలు ఉన్నాయి. ఒక్క మనిషి అన్ని చోట్ల ఉండటం కుదరదని ఒకటో క్లాసు బిడ్డ కూడా చెబుతుంది. హాల్లో రెండు డజన్ల మందికి తక్కువ కాకుండా డాక్టరేట్లు ఉన్నాయి. ఎవరైనా అడుగుతారని భయపడుతూ నిలబడ్డాను. అడిగితే నా దగ్గర జవాబు లేదు.

ఎవరూ అడగలేదు. మేనేజరు నా వైపు జాలిగా చూసి, "పావం, అంద ఏరియా పొణ్ణుదానే," అన్నాడు. పాపం, ఆ ఏరియా పిల్లే కదా అని. మేడం తల ఊపింది. గైడు లేచి నిలబడ్డాడు. మూడు నెలలు నా ప్రోగ్రాములో ప్రతి లైనుకూ రుజువు అడిగిన మనిషి, దీనికి ఏ రుజువూ అడగలేదు. నా చేతుల వైపు ఒకసారి చూశాడు. చూసి నమ్మేశాడు.

తర్వాత గదిలోకి పిలిచి తలుపు వేశాడు. "మనోళ్ళని నమ్మితిని కదమ్మా. ఈ బుద్ధి యాడికి పోతాది? ఎంత చదివినా చెయ్యి ఆ పొరక దగ్గరికే పోతాది," అన్నాడు. ఆయన మెల్లగానే అన్నాడు. ఆ మెల్లదనాన్ని కూడా నేను క్షమించలేదు. ప్రాజెక్టు కొట్టేశారు. బొటాబొటి మార్కులతో గట్టెక్కాను. పై చదువుకు సిఫారసు రాయనన్నాడు, నేనూ మళ్ళీ అడగలేదు. పాడైపోయిన డేటాతో వచ్చిన బ్యాండ్లను కంపెనీ ఎందుకు కొంటుంది? కొనలేదు. అవి ల్యాబు బీరువాలోకి పోయాయి. వదిన ఉద్యోగం నిలిచింది. మిగతా ఇళ్ళవీ నిలిచాయి.

సాయంత్రం ఇంటికి వచ్చి అమ్మకు చెప్పాను. సంతోషపడుతుందనుకున్నాను. ఆమె గడప దగ్గర చిన్న ఉల్లిపాయలు ఒలుస్తోంది. మొదట వదిన సంగతి అడిగింది, ఏం ఫరవాలేదన్నాను. దేవుడికి దండం పెట్టుకుంది. తర్వాత, అది ఎలా జరిగిందో మళ్ళీ చెప్పమంది. చెప్పాను. ఉల్లిపాయ చేతిలోనే ఉండిపోయింది.

"నువ్వు ఊడిస్తినని చెప్తివా? మైకులోనా?"

"ఔనుమా. వేరే దారి లే."

"అంత జనంలోనా? నిన్ను ఈ పొరక ముట్టనీకుండా ఎట్ల పెంచితినో నీకు తెలుసునా? బళ్ళో ఊడ్చే వంతు వచ్చినా నేనే వచ్చి ఊడ్చి పోతిని కదే! టీచరమ్మ నవ్వినా పోతిని కదే!" గొంతు పెద్దదయింది. పక్కింటి వాళ్ళు తొంగి చూశారు. తిట్టింది. నన్ను తిట్టింది, చదువును తిట్టింది, బ్యాండు కట్టుకున్నందుకు తన చేతిని తిట్టుకుంది. నాకూ కోపం వచ్చి, నీ కోడలి కోసమే కదా చేసిందని అరిచాను. కాసేపు ఇద్దరం అరుచుకున్నాం.

తర్వాత ఆమె గొంతు తగ్గింది.

"సరి. నువ్వు చెప్తివి. వాళ్ళు నమ్మిరా?"

"నమ్మిరి."

"కాలేజీ చదివే పిల్ల, ఇది ఏమిటికి ఊడుస్తాది, అబద్ధం చెప్తాంది అని ఒక్కరన్నా అనలేదా?"

"లేదుమా."

"ఆ మేడం?"

"అనలే."

"ఆ తెలుగు సారు? నీకు పాఠం చెప్పినోడు కదా, నీ తెలివి తెలిసినోడు కదా. ఆయన కూడానా?"

"ఆయనే మొదట నమ్మినాడుమా."

అమ్మ ఉల్లిపాయలు అక్కడే వదిలి లోపలికి పోయింది. ఆ రాత్రి అన్నం తినలేదు. మర్నాడు తెల్లవారుజామున మామూలుగానే లేచి, వదిన కోటు తొడుక్కుని, నా వైపు చూడకుండా గాంధీపురం వెళ్ళిపోయింది.